ఎవరి పక్కన ఎవరిని పూడ్చారు?

వినిలీ అనే చిన్న తెగ ఒకటి ఉండేది. వాండల్స్ అనే ఇంకో తెగ వాళ్ల మీదికి వచ్చి, కప్పం కడతారా యుద్ధం చేస్తారా అని అడిగారు. యుద్ధమే అన్నారు వినిలీలు. వాండల్స్ వెళ్లి గోడాన్ దేవుణ్ణి గెలుపు కోరితే, సూర్యుడు పొడిచే వేళకు తన కంట ముందు ఎవరు పడితే వాళ్లదే గెలుపు అన్నాడాయన. వినిలీల తరఫున గంబారా అనే పెద్దావిడ ఆయన భార్య ఫ్రెయాను ఆశ్రయించింది. ఆడవాళ్లంతా జుట్టు విరబోసి, దాన్ని ముఖం మీదికి గడ్డంలా సర్దుకుని, మొగుళ్ల పక్కనే నిలబడమని ఫ్రెయా ఉపాయం చెప్పింది. తెల్లవారేసరికి మొగుడి మంచాన్ని తూర్పుకు తిప్పి ఆయన్ని నిద్ర లేపింది. "ఎవరీ పొడుగు గడ్డాలవాళ్లు?" అన్నాడు గోడాన్. "పేరు పెట్టావుగా, ఇక గెలుపు కూడా ఇచ్చెయ్" అంది ఫ్రెయా. అలా వినిలీలు లాంగోబార్డులయ్యారు. నేటి ఇటలీలో మిలాన్ చుట్టుపక్కల ఉన్న లోంబార్డీకి ఆ పేరు వీళ్లవల్లే వచ్చింది.

8వ శతాబ్దం చివర్లో ఈ కథను తన చరిత్రలో రాసిన పౌలుస్ డయాకొనస్ కూడా లాంగోబార్డే. నవ్వులాటకు తగ్గ కథ అని విసుక్కుంటూనే రాశాడు. అప్పటికి వాళ్ల రాజ్యమే లేదు. 774లో ఫ్రాంకుల రాజు షార్లమేన్ దాన్ని కలిపేసుకున్నాడు. రాజ్యం పోయాక జాతి చరిత్ర రాయడానికి కూర్చున్న మనిషికి మొదట దొరికింది ఒక పేరు, ఆ పేరు మారిన కథ. పాత పేరుతో ఉన్న జనం ఒక ఉదయం కొత్త జాతిగా లేచారని వాళ్లే చెప్పుకున్నారు. ఈ ముక్కను చరిత్రకారులు పట్టించుకోవడానికి చాలా కాలమే పట్టింది. వాళ్లలో ప్యాట్రిక్ గీరీ అనే ఆయన ఆ ప్రశ్నను శ్మశానాల దాకా తీసుకెళ్లాడు.

తెలుగులో జాతి అన్న మాట ఎంత సాగుతుందో అందరికీ తెలుసు. గొడ్లకూ వాడతాం, కులానికీ వాడతాం, జాతీయ జెండాకూ వాడతాం. మాట మూలంలో మాత్రం ఉన్నది పుట్టుకే. లాటిన్‌లో జనాన్ని చెప్పే 'గెన్స్', 'నాతియో' అనే మాటలూ పుట్టుక నుంచి వచ్చినవే. సంస్కృతంలోని 'జన్' ధాతువుకు దూరపు చుట్టాలు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. గోత్‌లు, ఫ్రాంకులు, లాంగోబార్డులు అని పాత రాతల్లో కనపడగానే, వాళ్లంతా ఒకే రక్తం, ఒకే భాష, ఒకే ఆచారం ఉన్న పెద్ద కుటుంబాలని చదివేవాళ్లు అనేసుకున్నారు. ఆ కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని రోమన్ సామ్రాజ్యంలోకి నడిచి వచ్చాయనీ, అక్కడ స్థిరపడి ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ అయ్యాయనీ బడి పుస్తకాల్లోకి ఎక్కింది. రంగురంగుల బాణాలు వేసిన యూరప్ మ్యాప్ చాలామంది చూసే ఉంటారు. ఒక్కో బాణం ఒక్కో జాతి.

ఆ మ్యాప్ 19వ శతాబ్దపు తయారీ. జర్మన్ దేశం ఇంకా ఏర్పడని రోజుల్లో, 1819లో, మధ్యయుగపు రాతలన్నిటినీ సేకరించి అచ్చు వేయడానికి 'మోనుమెంటా గెర్మానియే హిస్టోరికా' అనే సంస్థ పుట్టింది. ఇప్పటికీ నడుస్తోంది. ఇవాళ్టికీ ఆ కాలం మీద పనిచేసేవాళ్లెవరూ దాన్ని తప్పించుకోలేరు, అంత గొప్ప పని. కానీ దాని నినాదంలోనే దేశం మీద పవిత్రమైన ప్రేమ ఉంది. ఏ రాత 'మన జర్మన్ల'ది అని తేల్చే పని కూడా దానితోపాటే వచ్చింది. 20వ శతాబ్దం మొదట్లో గుస్టాఫ్ కొసిన్నా అనే పురావస్తు పండితుడు ఇంకో అడుగు వేశాడు. ఒక రకం కుండ, బట్టలకు పెట్టుకునే ఒక రకం పిన్ను ఎక్కడెక్కడ దొరికితే అదంతా ఒకే జాతి నేల అన్నాడు. తర్వాత నాజీలు పొరుగు దేశాల భూముల మీద హక్కు చెప్పుకోవడానికి ఈ సూత్రం చక్కగా పనికొచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ మ్యాప్‌ను చెరిపే పని మొదలైంది. 1961లో జర్మన్ చరిత్రకారుడు రైన్‌హార్డ్ వెన్స్‌కుస్, ఆ తర్వాత వియన్నాలో హెర్విగ్ వోల్ఫ్రాం, వాల్టర్ పోల్ చెప్పిందేమిటంటే, ఒక చిన్న నాయక వర్గం దగ్గర పేరూ, పురాణమూ ఉంటాయి. గెలుపులు వస్తున్నకొద్దీ రకరకాల జనం ఆ పేరు కిందికి చేరతారు. టొరంటోలో వాల్టర్ గొఫార్ట్ దీన్నీ ఒప్పుకోలేదు. ఆ పురాణాలు అడవుల్లోంచి మోసుకొచ్చిన పాత జ్ఞాపకాలేమీ కావనీ, లాటిన్ చదువుకున్న రచయితలు తమ కాలం అవసరానికి కూర్చినవేననీ వాదించాడు. ఈ రెండు వర్గాల మధ్య ఏళ్ల తరబడి నడిచిన మాటల యుద్ధం గురించి ఇక్కడ చెప్పడం మొదలుపెడితే అసలు సంగతి పక్కకు పోతుంది.

అసలు సంగతి ప్యాట్రిక్ గీరీ. అమెరికన్ చరిత్రకారుడు. చాలాకాలం లాస్ ఏంజిల్స్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో పాఠాలు చెప్పి, తర్వాత ప్రిన్స్‌టన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీకి వెళ్లాడు. జర్మానిక్ ప్రపంచమనేది రోమన్లు తమ రాజకీయంతో, సైన్యంతో తయారు చేసిందేనంటూ 1988లో వచ్చిన పుస్తకం మొదలుపెట్టాడు. సరిహద్దు అవతల ఎవర్ని నాయకుడిగా గుర్తించాలి, ఎవరికి బంగారం పంపాలి, ఏ గుంపును ఏ పేరుతో పిలవాలి అని రోమ్ తేల్చింది. ఆ పేర్లతోనే ఆ గుంపులు గట్టిపడ్డాయి. 2002లో 'ది మిత్ ఆఫ్ నేషన్స్' వచ్చేనాటికి ఇదంతా పండితుల గదులు దాటిన విషయం. 1989లో సెర్బియా నాయకుడు మిలోసెవిచ్ కొసోవో యుద్ధానికి 600 ఏళ్లని పెద్ద సభ పెట్టాడు. 1996లో ఫ్రాంకుల రాజు క్లోవిస్ జ్ఞానస్నానానికి 1500 ఏళ్లంటూ ఫ్రాన్స్‌లో ఉత్సవాలు జరిగితే, వాటిని తమవిగా చెప్పుకోవడానికి తీవ్ర మితవాదులు ముందుకొచ్చారు. తొలి మధ్యయుగంలో ఈ నేల మీద ముందు ఎవరు కాలు పెట్టారన్న దాన్నిబట్టి ఇవాళ ఎవరికి హక్కుందో తేల్చే వాదాలకు చరిత్రలో పునాది లేదన్నది ఆ పుస్తకం సారాంశం. ఆ జాతుల పేర్లు నిలిచాయి కానీ, వాటి కింద ఉన్న జనం ఎప్పటికప్పుడు మారుతూ వచ్చారు.

ఇంత చెప్పిన మనిషి ఆ తర్వాత ఎక్కడికి వెళ్లాడో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. జన్యుశాస్త్రం దగ్గరికి. జాతి రక్తంలో ఉండదని జీవితమంతా వాదించినవాడు రక్తాన్నే పరీక్షకు పెట్టాడు. కొందరు తోటి చరిత్రకారులకు ఇది మింగుడు పడలేదు. కొసిన్నా పిన్నుల బదులు ఇప్పుడు జన్యువులు వస్తాయి, అంతేగా అన్నది వాళ్ల భయం. ఆ భయం అర్థం లేనిది కాదు. కాకపోతే జన్యు పరిశోధకులు ఎవరి కోసమూ ఆగరు. చరిత్రకారులు ఆ గదిలో లేకపోతే ప్రశ్నలు కూడా వాళ్లే రాసుకుంటారు, జవాబులకు పాత మ్యాప్‌లోని పేర్లే తగిలిస్తారు. గీరీకి ఎముకలు కొత్తేమీ కాదు లెండి. 1978లో వచ్చిన ఆయన తొలి పుస్తకం, మఠాలవాళ్లు ఒకరి చర్చిలోంచి ఒకరు పునీతుల ఎముకలు దొంగిలించడం గురించి.

ప్రశ్నను చిన్నది చేయడంలోనే ఆయన తెలివి కనపడుతుంది. లాంగోబార్డులు ఎవరు అని అడగలేదు. ఒక శ్మశానాన్ని తీసుకుని, అందులో దాదాపు ప్రతి మనిషినీ పరీక్షించి, ఎవరి పక్కన ఎవరిని పూడ్చారు, వాళ్లిద్దరూ ఒకరికొకరు ఏమవుతారు అని అడిగాడు. అప్పటిదాకా పాత డీఎన్‌ఏ మీద జరిగిన పనుల్లో ఇక్కడొక అస్థిపంజరం, అక్కడొక అస్థిపంజరం తీసుకుని మొత్తం ఖండం గురించి మాట్లాడేవాళ్లు.

పౌలుస్ రాసిన కథ ప్రకారం, రాజు ఆల్బొయిన్ 568లో తన జనంతో పన్నోనియా (నేటి పశ్చిమ హంగరీ) వదిలి ఇటలీకి కదిలాడు. అందుకని రెండు శ్మశానాలు ఎంచుకున్నారు. ఒకటి హంగరీలో బలటాన్ సరస్సు దగ్గరున్న సోలాడ్, రెండోది ఉత్తర ఇటలీలో టురిన్‌కు ఆనుకుని ఉన్న కొలేనో. మొదటిది 6వ శతాబ్దం మధ్యలో కొద్ది కాలమే, దాదాపు ఒక తరం పాటు వాడింది. రెండోది 6వ శతాబ్దం చివర మొదలై తరతరాలు నడిచింది. రెండు చోట్లా కలిపి 63 మంది జన్యువులను చదివారు. ఫలితాలు 2018లో వచ్చాయి.

సోలాడ్‌లో 45 సమాధులున్నాయి. అందులో ఒక కుటుంబానిది మూడు తరాల వరస, ఎక్కువమంది మగవాళ్లే. వాళ్ల సమాధులు శ్మశానం నడిమధ్యన ఉన్నాయి, ఆయుధాలు పెట్టారు, గోతులు కూడా శ్రద్ధగా తవ్వారు. ఎముకల్లోని నైట్రోజన్‌ను కొలిస్తే, మిగతావాళ్లకంటే మాంసం, పాలలాంటివి ఎక్కువ తిన్నవాళ్లని తేలింది. ఊళ్లో పెద్దింటివాళ్లు ఎవరో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? పళ్లు ఇంకో సంగతి చెప్పాయి. పంటి మీది ఎనామిల్ చిన్నతనంలో ఏర్పడ్డాక మారదు. పెరిగిన చోటి నేలలోని స్ట్రాన్షియం తాగిన నీళ్లలోంచి, తిన్న తిండిలోంచి అందులోకి చేరి అలాగే ఉండిపోతుంది. సోలాడ్‌లో పూడ్చిన పెద్దవాళ్లలో ఎక్కువమంది అక్కడ పెరిగినవాళ్లు కారు. అంటే వచ్చారు, ఒక తరం ఉన్నారు, కదిలిపోయారు. ఇంతవరకూ పౌలుస్ కథకు అడ్డు రాలేదు.

రెండు శ్మశానాల్లోనూ జనం రెండు రకాల పూర్వీకుల నుంచి వచ్చినవాళ్లు. కొందరి జన్యువులు మధ్య, ఉత్తర యూరప్ వాళ్లకు దగ్గర, కొందరివి దక్షిణ యూరప్ వాళ్లకు దగ్గర. ఆయుధాలు, పూసలు, నగలతో పూడ్చిన కుటుంబాలు ఎక్కువగా మొదటి రకం. ఏమీ పెట్టకుండా పూడ్చినవాళ్లు ఎక్కువగా రెండో రకం. ఈ వాక్యం దగ్గర పాత మ్యాప్ అభిమానులకు ప్రాణం లేచొస్తుంది. "చూశారా, ఉత్తరాది దొరలు, దక్షిణాది బానిసలు!" అనొచ్చు. గీరీ బృందం ఆ మాట అనలేదు. శ్మశానం అమరికకు పునాది జాతి కాదు, కుటుంబం. పెద్దింటి చుట్టూ మిగతావాళ్లు ఉన్నారు. వాళ్లలో ఎవరు సేవకులో, ఎవరు అల్లుళ్లో, ఎవరు ఇరుగుపొరుగో జన్యువులు చెప్పవు. అదే శ్మశానంలో పూడ్చారంటే వాళ్లూ ఆ గుంపు మనుషులేనన్నది మాత్రం కాదనలేం. కొలేనోలో ఆయుధం లేకుండా పడుకున్న మనిషిని, నువ్వెవరివి అని 600లో అడిగితే ఏం చెప్పేవాడు? ఆ జవాబు ఎముకలో ఉండదు.

ఆ జవాబుకు మళ్లీ పౌలుస్ దగ్గరికే రావాలి. తన జాతి గొప్పలు చెప్పడానికి కూర్చున్న ఆయనే, ఆల్బొయిన్ వెంట ఇటలీకి ఎవరెవరు వచ్చారో ఏకరువు పెట్టాడు. గెపిడులు, బల్గార్లు, సర్మాతులు, పన్నోనియన్లు, స్వాబియన్లు, నోరికన్లు. వాళ్లున్న ఊళ్లను ఇప్పటికీ ఆ పేర్లతోనే పిలుస్తున్నాం అన్నాడు. వీళ్లు కాక పెళ్లాం పిల్లలతో వచ్చిన 20,000 మందికి పైగా సాక్సన్లు (లెక్క ఆయనది). ఈ సాక్సన్లు తర్వాత వెనక్కి వెళ్లిపోయారు. తమ చట్టం ప్రకారం తాము బతుకుతామంటే లాంగోబార్డులు కుదరదన్నారట. పౌలుస్ పుస్తకం మొత్తంలో జాతి అంటే ఏమిటో ఇంత సూటిగా చెప్పిన చోటు ఇంకోటి లేదు. కలిసి యుద్ధం చేయడానికి రక్తం అడ్డు రాలేదు, చట్టం దగ్గర తెగింది. ఉండిపోయినవాళ్లు లాంగోబార్డులయ్యారు.

643లో రాజు రొథారి రాయించిన చట్టంలో 388 అంశాలున్నాయి. ఎవరి వేలు నరికితే ఎంత జరిమానా అనే దాకా ఉంది. అదంతా లాటిన్‌లోనే. వాళ్ల సొంత భాషలో అక్కడక్కడా కొన్ని మాటలు, మనుషుల పేర్లు తప్ప ఒక్క పేరా కూడా మిగల్లేదు. జాతికి భాషే ప్రాణం అనుకునేవాళ్లు ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి.

లాంగోబార్డులు ఖాళీ చేసిన పన్నోనియాలోకి వచ్చింది అవార్లు అనే ఇంకో జనం. గుర్రం ఎక్కేందుకు వాడే ఇనుప రికాబును యూరప్‌కు పరిచయం చేసింది వీళ్లేనంటారు. 626లో కాన్‌స్టాంటినోపుల్‌ను ముట్టడించారు, 800 దాకా మధ్య యూరప్‌ను ఏలారు. తమ గురించి తాము రాసుకున్నది మాత్రం ఏమీ లేదు. అప్పటి గ్రీకు రచయిత థియోఫిలాక్ట్ ఏకంగా వీళ్లు దొంగ అవార్లు అన్నాడు. అసలు అవార్ల పేరు వింటేనే చుట్టుపక్కల తెగలకు హడల్ కాబట్టి, ఆ పేరు తగిలించుకున్నారట. వీళ్ల మీద పని చేసేందుకు గీరీ, వియన్నా నుంచి పోల్, లైప్‌జిగ్ జన్యుశాస్త్రవేత్త యోహానెస్ క్రౌస, బుడాపెస్ట్ పురావస్తు నిపుణుడు తివదార్ విదా కలిసి యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ నిధులతో 'హిస్టోజీన్స్' ప్రాజెక్టు పెట్టారు.

అవార్ నాయకుల మూలాలు మంగోలియా వైపు ఉన్నాయని 2022లో తేలింది. పత్రికలకు అదే పెద్ద వార్త. అంతకంటే పెద్ద సంగతి 2024లో వచ్చిందనాలి. హంగరీలోని నాలుగు శ్మశానాల నుంచి 424 మందిని పరిశీలిస్తే, దాదాపు 300 మందికి అదే శ్మశానంలో దగ్గరి రక్తసంబంధి ఉన్నారు. ఒక వంశవృక్షం 9 తరాల దాకా సాగింది. అందులో మగవాళ్లంతా పుట్టిన చోటే ఉండి, తండ్రుల పక్కన, కొడుకుల పక్కన పడుకున్నారు. పిల్లల్ని కన్న ఆడవాళ్లెవరికీ తల్లిదండ్రుల సమాధులు అక్కడ లేవు, అంటే బయటినుంచి వచ్చిన కోడళ్లు. అక్కడ పుట్టి పెరిగిన కూతుళ్ల సమాధులూ లేవు, అత్తారింటికి వెళ్లిపోయారు. మేనరికాల్లాంటి దగ్గరి పెళ్లిళ్ల ఆనవాలు జన్యువుల్లో ఎక్కడా లేదు. కొన్ని చోట్ల మాత్రం ఒకే స్త్రీకి, ఒకే ఇంటి ఇద్దరు మగవాళ్ల వల్ల పిల్లలు కలిగారు. భర్త పోతే మరిదికో, ఆ ఇంటి ఇంకో మగవాడికో ఇచ్చి కట్టబెట్టే ఆచారమన్నమాట. ఒక్క అక్షరం రాయని జనం ఇంటి కట్టుబాట్లు, రాసుకున్న వాళ్లవాటికంటే స్పష్టంగా బయటపడ్డాయి.

అందులో రాకోట్సిఫాల్వా అనే చోటు ఇంకా ఆసక్తికరం. 7వ శతాబ్దం రెండో సగంలో అక్కడ ఏలే వంశం మొత్తంగా మారింది. ఒక మగ వంశం పోయి ఇంకోటి వచ్చింది, తిండి అలవాట్లు మారాయి, సమాధుల్లో పెట్టే వస్తువులు మారాయి. పూర్వీకుల లెక్కలో చూస్తే మాత్రం ఏ తేడా లేదు. పాతవాళ్లూ కొత్తవాళ్లూ ఒకే రకం మూలాలవాళ్లు. మామూలు పద్ధతిలో, ఇక్కడ తూర్పు ఆసియా వాటా ఇంత శాతం అని లెక్కగట్టి వదిలేస్తే, ఆ ఊరి చరిత్రలో అతి పెద్ద సంఘటన కనపడకుండానే పోయేది.

ఈ పని మీద విమర్శలు లేకపోలేదు. సమాధిలో లాంగోబార్డ్ వస్తువు ఉంది కాబట్టి లాంగోబార్డ్ శ్మశానం, ఆ శ్మశానంలో దొరికారు కాబట్టి లాంగోబార్డ్ జన్యువులు అనే గానుగెద్దు తర్కంలో పడే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. 2018 నాటి పరిశోధన దానికి దగ్గరగా వెళ్లి తప్పించుకుంది. ఇటలీకి వలస వచ్చినవాళ్లలో చాలామందివి శ్మశానాలే దొరకలేదు, రెండింటిని చూసి మొత్తం కథ చెప్పలేం. పెద్ద వలసలు నిజంగానే జరిగాయని మొదటి నుంచీ వాదిస్తున్న చరిత్రకారుడు పీటర్ హెదర్ లాంటివాళ్లకు సోలాడ్, కొలేనో బలమే ఇచ్చాయి. ఆ సంగతి కూడా ఒప్పుకోవాలి. జనం కదిలారు. ఒకే రక్తంగా కదిలారా అన్న దగ్గరే తేడా.

2025లో వియన్నాకు దక్షిణంగా ఉన్న మ్యోడ్లింగ్, లియోబెర్స్‌డోర్ఫ్ ఊళ్ల శ్మశానాల నుంచి 722 మంది ఫలితాలు వచ్చాయి. రెండూ అవార్ కాలానివే, ఒకదానికొకటి దగ్గరే. లియోబెర్స్‌డోర్ఫ్ జనం మూలాలు ఎక్కువగా తూర్పు ఆసియావి, మ్యోడ్లింగ్ జనానివి యూరప్‌వి. కొన్ని తరాల పాటు పక్కపక్కనే బతికినా ఇచ్చిపుచ్చుకోవడాలు దాదాపు లేవు. లియోబెర్స్‌డోర్ఫ్ వాళ్లు తమలాంటి మూలాలున్న కోడళ్లను ఎక్కడెక్కడి నుంచో తెచ్చుకున్నారు. సమాధులు తవ్వి చూస్తే మాత్రం ఏది ఏ ఊరిదో చెప్పడం కష్టం. మగవాళ్ల నడుముకు అవే బెల్టులు, వాటి మీద అవే బొమ్మలు. కొట్టుకున్న గాయాలు కూడా ఎముకల మీద లేవు. సామాన్లను బట్టి పేరు పెడితే రెండు ఊళ్లూ అవార్లే, జన్యువులను బట్టి పెడితే రెండు వేరు జనాలు. వాళ్లు తమను తాము ఏమని పిలుచుకున్నారో రాసిపెట్టిన కాగితం ఎవరి దగ్గరా లేదు. అవార్లు అన్న పేరు మనకు అందింది వాళ్ల శత్రువుల రాతల్లోంచే.